ఎంక్వైరీ చేజారకుండా: చిన్న వ్యాపారంలో సీఆర్‌ఎం

సీఆర్‌ఎం అని వాడుకలో ఉన్న కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ మూడు సంగతులను ఒకచోట పెడుతుంది: వ్యాపారాన్ని ఎవరు సంప్రదించారు, వారితో మాట ఎంతదాకా వచ్చింది, వారిని మళ్లీ ఎవరు ఎప్పుడు పలకరించాలి. లెక్కల సాఫ్ట్‌వేర్‌కూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ట్యాలీ వంటివాటికి పని అమ్మకం జరిగాక మొదలవుతుంది. బిల్లు, జీఎస్టీ, బాకీ వాటి సంగతులు. ఖాతాబుక్ వంటి యాప్‌లు అరువు పద్దు చూస్తాయి. సీఆర్‌ఎం అమ్మకానికి ముందే మొదలై, అమ్మిన తర్వాత సర్వీసు దాకా నడుస్తుంది. చిట్టా, ఆవర్జా ఎంత శుభ్రంగా రాసే దుకాణంలోనైనా, ధర కనుక్కుని వెళ్లి మళ్లీ రాని మనిషికి ఆ పుస్తకాల్లో చోటుండదు.

ఈ సాఫ్ట్‌వేర్ మొదట్లో చిన్నవాళ్ల కోసం పుట్టింది కాదు. 1993లో అమెరికాలో టామ్ సీబెల్ స్థాపించిన సీబెల్ సిస్టమ్స్ దీన్ని పెద్ద కంపెనీలకు అమ్మింది. కొన్నవాళ్లు సొంత సర్వర్లు పెట్టుకోవాలి, వాటిని చూసుకునే ఇంజినీర్లను పోషించాలి. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన సేల్స్‌ఫోర్స్ దాన్ని బ్రౌజర్‌లోకి తెచ్చి, అద్దె పద్ధతిలో ఇవ్వడం మొదలుపెట్టింది. చెన్నైకి చెందిన జోహో 2005లో తన సీఆర్‌ఎంను తెచ్చింది. 2014లో అమెరికా సంస్థ హబ్‌స్పాట్ ఉచిత సీఆర్‌ఎంను విడుదల చేసింది. 2020లో జోహోయే చిన్న సంస్థల కోసం బిగిన్ అనే తేలిక రకం ప్రవేశపెట్టింది. సర్వర్, ఇన్‌స్టలేషన్, బ్యాకప్ అన్నీ అమ్మేవాడి నెత్తికి వెళ్లాయి. వాట్సాప్ వాడగలిగిన మనిషి ఇప్పుడు సీఆర్‌ఎం తెర కూడా వాడగలడు. కాబట్టి కంప్యూటర్ రాకపోవడం నేడు అసలు అడ్డంకి కాదు. తన వ్యాపారం ఏ వరుసలో నడుస్తుందో యజమాని స్పష్టంగా చెప్పలేకపోవడమే అడ్డంకి.

అందరికీ ఇది అవసరమా అంటే, కాదు. కిరాణా కొట్టు, టిఫిన్ సెంటర్ వంటి చోట్ల అడగడం, కొనడం ఒకే నిమిషంలో అయిపోతాయి. అక్కడ సీఆర్‌ఎం దండగ. అడగడానికీ కొనడానికీ మధ్య రోజులో వారాలో పట్టే వ్యాపారాలకు, కొన్నవారి దగ్గరికి ఏటా సర్వీసుకు వెళ్లాల్సిన వ్యాపారాలకు అది పనికొస్తుంది. ఇంటీరియర్ పనులు, కోచింగ్ సెంటర్లు, క్యాటరింగ్, బీమా ఏజెన్సీలు, ఆర్‌ఓ ఫిల్టర్ల సర్వీసు ఈ కోవలోకి వస్తాయి.

ఇంటి కప్పు మీద సోలార్ పలకలు బిగించే సంస్థను తీసుకుంటే సంగతి బాగా అర్థమవుతుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం ప్రారంభించింది. 3 కిలోవాట్లు, అంతకు మించిన ఇంటి ప్లాంటుకు గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ ఉండటంతో ఊరూరా ఇలాంటి సంస్థలకు ఫోన్లు పెరిగాయి. ఒక్కో ఇంటి పని ఎన్ని మెట్లు ఎక్కుతుందో చూడాలి. ముందు ఫోనొస్తుంది. ఎవరో వెళ్లి కప్పు, నీడ, కరెంటు బిల్లు చూస్తారు. కొటేషన్ ఇస్తారు. ఇంట్లోవాళ్లు మాట్లాడుకుంటారు, పక్కవీధి సంస్థ దగ్గర మరో ధర అడుగుతారు. ఒప్పుకుంటే జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు, కావాలంటే బ్యాంకు రుణం, తర్వాత బిగింపు, కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) తనిఖీ, నెట్ మీటర్, చివరికి వినియోగదారుడి ఖాతాలో సబ్సిడీ పడటం. నలభై ఇళ్లు ఒకేసారి వేర్వేరు మెట్ల మీద ఉంటే, ఏ ఇంటివారు బ్యాంకు కాగితం కోసం ఆగారో, ఎవరికి మీటర్ రాలేదో ఒక్కరి బుర్రలో నిలవదు. "ఫోన్ చేస్తామన్నారు, చెయ్యలేదు" అని వెళ్లిపోయే ఇంటివారు ధర నచ్చక వెళ్లినవారు కారు.

అందువల్ల సాఫ్ట్‌వేర్ వెతకడానికి ముందు చేయవలసిన పని తెల్లకాగితం మీద ఉంటుంది. ఇటీవల పూర్తయిన నాలుగైదు పనులను గుర్తు తెచ్చుకుని, ఒక్కొక్కటి ఎలా నడిచిందో రాస్తే మెట్లు వాటంతటవే బయటపడతాయి. ఐదారు చాలు, ఏడు దాటితే ఎవరూ నింపరు. మెట్టుకు పెట్టే పేరు జరిగిన పనిని చెప్పాలి. "కొటేషన్ పంపాం", "అడ్వాన్స్ వచ్చింది" సరైన మెట్లు. "ఆసక్తి ఉంది" మెట్టు కాదు, అది అమ్మేవాడి ఆశ. సీఆర్‌ఎం భాషలో ఈ మెట్ల వరుసే పైప్‌లైన్, ఒక్కొక్క బేరం ఒక డీల్. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే తయారు పైప్‌లైన్‌ను అలాగే ఉంచేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. అది ఎక్కడో ఎవరి వ్యాపారానికో కుదిరినది.

నింపాల్సిన గడుల విషయంలోనూ పిసినారితనం మంచిది. పేరు, ఫోన్ నంబరు, ఊరు లేదా వీధి, ఏం కావాలన్నారు, ఎవరి ద్వారా వచ్చారు, తర్వాత ఎప్పుడు మాట్లాడాలి. వీటిలో చివరి గడి లేకపోతే మిగతావన్నీ ఉన్నా అది వట్టి చిరునామాల పుస్తకమే. బేరం పోయినప్పుడు కారణం రాసే గడి కూడా ఒకటి ఉండాలి: ధరా, ఆలస్యమా, పక్కవాడి సిఫార్సా. ఏడాది తర్వాత యజమానికి ఎక్కువగా అక్కరకొచ్చేది ఈ గడే.

మొదటి నెల డబ్బు పెట్టకుండానే నడపవచ్చు. గూగుల్ షీట్‌లో ఆ గడులు పెట్టి, రోజూ నింపే అలవాటు నిలుస్తుందో లేదో చూడటం ఒక మార్గం. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ మరొకటి. అందులో కస్టమర్లకు రంగు లేబుళ్లు తగిలించవచ్చు, తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి పెట్టుకోవచ్చు, వస్తువుల కేటలాగు చూపవచ్చు. ఒక్కరో ఇద్దరో నడిపే వ్యాపారానికి ఇదే సరిపోవచ్చు కూడా. ముగ్గురు మనుషులు మూడు ఫోన్లలో మాట్లాడుతున్నప్పుడు, ఎవరు ఏం మాటిచ్చారో తెలియనప్పుడు అది చాలదు. ఇండియామార్ట్, జస్ట్‌డయల్ వంటి వెబ్‌సైట్ల నుంచి వచ్చే ఎంక్వైరీలకైతే తొందర కూడా కావాలి: ఒకే ఎంక్వైరీ పలువురు అమ్మకందార్లకు వెళుతుంది, ముందు ఫోన్ చేసినవాడి మాట ముందు వింటారు.

పాత పేర్లను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం అన్నిటికన్నా విసుగు పుట్టించే పని. ఫోన్లో ఒకే మనిషి "రాజు గారు సోలార్", "రాజు గుంటూరు", "రాజు న్యూ నంబర్" అని మూడుచోట్ల ఉంటాడు. మనిషిని పేరుతో కాకుండా పది అంకెల నంబరుతో గుర్తుపట్టడం పద్ధతి. కొన్ని నంబర్ల ముందు సున్నా, కొన్నిటి ముందు 91 ఉంటే సాఫ్ట్‌వేర్ వాటిని వేర్వేరు మనుషులనుకునే వీలుంది. పన్నెండు అంకెల నంబరును ఎక్సెల్ 9.19ఈ+11 లాంటి రూపంలో చూపి కంగారు పెడుతుంది. ఆ వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చాలి. తెలుగులో రాసిన పేర్లున్న ఫైలును మామూలు సీఎస్‌వీగా (గడులను కామాలతో విడదీసే ఫైలుగా) దాస్తే అక్షరాలు ప్రశ్నార్థకాలవుతాయి, సీఎస్‌వీ యూటీఎఫ్-8 ఎంచుకుంటే నిలుస్తాయి. వెయ్యి పేర్లు ఒక్కసారిగా కాకుండా ముందు పదింటిని ఎక్కించి చూస్తే తప్పు చిన్నగా ఉండగానే దొరుకుతుంది.

ఇక మనుషులు. చిన్న సంస్థల్లో సీఆర్‌ఎం మూలపడేది ఎక్కువగా ఇక్కడే. సేల్స్ కుర్రాడి దృష్టిలో కస్టమర్ నంబర్లు అతని సొత్తు. వాటిని కంపెనీ తెరమీద పెడితే తన విలువ తగ్గుతుందని అతని భయం. యజమాని దృష్టిలో అతను మానేసిన రోజున ఆ నంబర్లన్నీ పక్క సంస్థకు వెళ్లిపోతాయి. రెండు భయాల్లోనూ నిజముంది. సాఫ్ట్‌వేర్‌ను నిఘా కెమెరాలా వాడి, ఎన్ని కాల్స్ చేశావని నిలదీస్తే దొంగ కాల్స్ నమోదవుతాయి, అంతే. నింపినవాడికి నింపినందువల్ల లాభం కనిపించాలి: ఈ రోజు ఎవరికి ఫోన్ చేయాలో పొద్దున్నే తెర చెప్పాలి, కమీషన్ లెక్క అందులోంచే రావాలి. యజమాని కూడా పొద్దుటి పది నిమిషాల సమావేశాన్ని ఆ తెర ముందే జరపాలి. ఆయన మాత్రం డైరీ చూసి ప్రశ్నలు అడుగుతుంటే సిబ్బంది కూడా డైరీకే తిరిగిపోతారు.

ఖర్చు సాధారణంగా మనిషికింత, నెలకింత అని ఉంటుంది. ప్రకటనలో కనిపించే తక్కువ ధర తరచుగా ఏడాది డబ్బు ఒకేసారి కట్టేవారికి. దానిమీద 18 శాతం జీఎస్టీ అదనం. ఉచిత రకాల్లో మనుషుల సంఖ్యకో, రికార్డుల సంఖ్యకో పరిమితి పెడతారు. సెటప్ చేసిపెట్టే కన్సల్టెంట్లు దొరుకుతారు గానీ, మెట్లు, గడులు తేలకముందే వారిని పిలిస్తే వారికి తోచిన వ్యాపారాన్ని కట్టిపెడతారు. ఎవరు సెటప్ చేసినా ఖాతా మాత్రం యజమాని ఈమెయిల్, యజమాని ఫోన్ నంబరుతోనే తెరవాలి. అకౌంటెంట్ సొంత జీమెయిల్‌తో తెరిచిన ఖాతా, అతనితో పాటే వెళ్లిపోతుంది.

పేర్లన్నీ ఒకచోట చేరాక అందరికీ ఒకేసారి మెసేజ్ కొట్టాలన్న మోజు పుడుతుంది. వాట్సాప్ మామూలు బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందే పడతారు, అందులోనూ పంపేవారి నంబరును సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. అంతకు మించి పంపాలంటే సీఆర్‌ఎంతో కలిపే వాట్సాప్ వ్యాపార సేవ కావాలి. దానికి వాట్సాప్ యజమాని సంస్థ మెటా ఆమోదించిన టెంప్లేట్లు ఉండాలి, మెసేజ్‌కింత చెల్లించాలి, అందుకునేవారి సమ్మతి ఉండాలి. వ్యాపార ఎస్‌ఎంఎస్‌లకైతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, టెంప్లేటు ముందే టెలికాం సంస్థల దగ్గర నమోదు కావాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చిన్న వ్యాపారాలను పూర్తిగా వదిలేయలేదు. నంబరు ఎందుకు తీసుకున్నారో చెప్పడం, వద్దన్నవారి వివరాలు తీసేయడం దాని మూలసూత్రాల్లోవి. ఉల్లంఘన తీవ్రతను బట్టి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లవచ్చు. ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్ ఫొటో వంటివి పని అయిపోయాక కూడా సీఆర్‌ఎంలో ఉంచుకోవడం అందుకే అనవసరపు తలనొప్పి.

చివరిగా, బయటికొచ్చే దారి. ధర పెరిగినా, వ్యాపారం మారినా వేరే సాఫ్ట్‌వేర్‌కు వెళ్లాల్సి వస్తుంది. పేర్లు, నంబర్లు సీఎస్‌వీగా తేలిగ్గానే బయటికి వస్తాయి. మాట్లాడినప్పుడు రాసుకున్న నోట్సు, జతచేసిన కప్పు ఫొటోలు, కొటేషన్లు మాత్రం చాలాసార్లు విడిగా దించుకోవాలి, కొన్ని రకాల్లో ఆ వీలు ఖరీదైన ప్లాన్‌కే ఉంటుంది. డబ్బు కట్టకముందే, ట్రయల్ గడువులో ఐదారు పేర్లు ఎక్కించి, వాటికి నోట్సు, ఫొటోలు జతచేసి, మళ్లీ అన్నిటినీ దించి చూస్తే ఏది వస్తుందో ఏది రాదో తేలిపోతుంది.