ఆలీ (వ్యాఖ్యాత)

ఆలీ (జననం: 1968 అక్టోబరు 10) తెలుగు సినిమా హాస్యనటుడు, టెలివిజన్ వ్యాఖ్యాత. రాజమండ్రిలో జన్మించిన ఇతడు 1970వ దశకం చివరలో బాలనటుడిగా చిత్రరంగంలో ప్రవేశించాడు. 1981లో విడుదలైన సీతాకోకచిలుక ఇతనికి గుర్తింపును, 1994 నాటి యమలీల కథానాయకుని హోదాను తెచ్చిపెట్టాయి. వెయ్యికి పైగా చిత్రాలలో నటించిన కళాకారునిగా ఇతనిని పేర్కొంటారు. ఈటీవీలో 2016 నుండి 2022 వరకు ప్రసారమైన 'ఆలీతో సరదాగా' అనే ముఖాముఖి కార్యక్రమం ద్వారా ఇతడు వ్యాఖ్యాతగా కూడా పేరొందాడు. సినిమా చరిత్ర పుస్తకాలలో అంతగా చోటు దొరకని సహాయ నటులు, సాంకేతిక నిపుణులు తమ జీవితాలను తామే చెప్పుకోవడానికి వీలు కల్పించడం ఈ కార్యక్రమపు విశిష్టత.

బాల్యం, చిత్రరంగ ప్రవేశం

ఆలీ ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. తండ్రి దర్జీ పని చేసేవాడు. చిన్ననాటి నుండే నటులను, గాయకులను అనుకరించడం, వేదికలపై నృత్యం చేయడం అలవాటయ్యాయి. రాజమండ్రిలో సంగీత బృందాన్ని నడిపిన జిత్ మోహన్ మిత్ర ఇతని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. గోదావరి తీరంలో చిత్రీకరణలు తరచుగా జరుగుతుండడం వల్ల ఆ పట్టణంలోని కళాకారులకు చిత్రరంగంతో పరిచయాలు ఏర్పడేవి. ఆ విధంగానే ఆలీకి కూడా మద్రాసు దారి తెరచుకుంది.

భారతీరాజా దర్శకత్వంలో ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన సీతాకోకచిలుకలో కథానాయకుడు కార్తీక్ వెంట తిరిగే కుర్రవాళ్ళలో ఒకనిగా ఆలీ నటించాడు. ఈ చిత్రం ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. అయితే బాలనటులందరికీ ఎదురయ్యే చిక్కే ఇతనికీ ఎదురయింది. పిల్లల పాత్రలకు వయసు మించిపోయింది, పెద్దల పాత్రలకు ఇంకా చాలలేదు. కొంతకాలం పాటు అవకాశాలు తగ్గాయి.

ఎస్.వి.కృష్ణారెడ్డి దర్శకత్వం వహించిన రాజేంద్రుడు గజేంద్రుడు (1993) ఇతనిని హాస్యనటునిగా నిలబెట్టింది. మరుసటి సంవత్సరం అదే దర్శకుడు యమలీలలో ఇతనిని కథానాయకునిగా ఎన్నుకున్నాడు. యమలోకం నుండి జారిపడిన 'భవిష్యవాణి' గ్రంథం ఒక అల్లరి యువకునికి దొరకడం, అందులో తన తల్లి మరణం గురించి చదివి అతడు కలత చెందడం ఈ చిత్ర కథ. కైకాల సత్యనారాయణ యమునిగా, మంజుభార్గవి తల్లిగా, ఇంద్రజ కథానాయికగా నటించారు. ఆ తరువాత ఘటోత్కచుడు (1995), పిట్టలదొర (1996) వంటి చిత్రాలు వచ్చాయి. తొలిప్రేమ (1998), తమ్ముడు (1999), బద్రి (2000), ఖుషి (2001) మొదలైన చిత్రాలలో కథానాయకుని మిత్రునిగా, హాస్యనటునిగా స్థిరపడ్డాడు.

టాక్ షో ప్రక్రియ

ఒక వ్యాఖ్యాత అతిథిని ఎదురుగా కూర్చోబెట్టుకొని, అతని జీవితం గురించి ప్రేక్షకుల తరఫున మాట్లాడించే కార్యక్రమాన్ని టాక్ షో అంటారు. వార్తా ఛానళ్ళలో జరిగే చర్చకు, దీనికి భేదమున్నది. చర్చలో విషయం ముఖ్యం, టాక్ షోలో మనిషి ముఖ్యం. అమెరికాలో 1954లో మొదలైన 'టునైట్ షో' ఈ ప్రక్రియకు ఒక నమూనాగా నిలిచింది. జానీ కార్సన్ 1962 నుండి 1992 వరకు దానిని నిర్వహించాడు.

భారతదేశంలో ఈ ప్రక్రియకు తొలి ఉదాహరణలలో ఒకటి దూరదర్శన్‌లో 1972లో ప్రారంభమైన 'ఫూల్ ఖిలే హైఁ గుల్షన్ గుల్షన్'. హిందీ సినీతారలతో జరిపిన ఈ సంభాషణలను తబస్సుమ్ రెండు దశాబ్దాలకు పైగా నిర్వహించింది. ఆమె కూడా 1940వ దశకంలో 'బేబీ తబస్సుమ్'గా చిత్రరంగంలో అడుగుపెట్టిన బాలనటి. చిన్నతనం నుండి స్టూడియోలలో పెరిగినవారికి ఆ రంగంలోని వారందరూ బంధువులవలె పరిచితులై ఉంటారు. అతిథి సంకోచం లేకుండా మాట్లాడడానికి ఈ పరిచయం తోడ్పడుతుంది. దాదాపు నలభై ఐదేళ్ళ తరువాత తెలుగులో ఆలీ విషయంలో జరిగిందీ ఇదే.

తెలుగులో 1995లో ఈటీవీ, జెమినీ టీవీ ప్రారంభమైన తరువాత ప్రైవేటు ఛానళ్ళ వినోద కార్యక్రమాలు విస్తరించాయి. కళాకారులనే వ్యాఖ్యాతలుగా నిలపడం ఈటీవీలో తొలినాళ్ళ నుండి కనిపిస్తుంది. 1996లో మొదలైన పాడుతా తీయగా కార్యక్రమానికి గాయకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం వ్యాఖ్యాతగా వ్యవహరించడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పాట గురించి గాయకుడు మాట్లాడినట్లే, సినిమా గురించి నటుడు మాట్లాడితే ప్రేక్షకులకు నమ్మకం కలుగుతుంది.

ఆలీతో సరదాగా

ఈటీవీలో ఆలీ 'ఆలీతో జాలీగా' వంటి వినోద కార్యక్రమాలను నిర్వహించిన తరువాత 2016లో 'ఆలీతో సరదాగా' మొదలయింది. జ్ఞాపిక ఎంటర్‌టైన్‌మెంట్స్ సంస్థ దీనిని నిర్మించింది. క్రమంగా ఇది సోమవారం రాత్రి 9:30 గంటలకు ప్రసారమయ్యే ముఖాముఖిగా స్థిరపడింది. కొందరు ముఖ్య అతిథుల సంభాషణలు రెండు భాగాలుగా వెలువడ్డాయి.

కార్యక్రమ రూపం చాలా సరళమైనది. అతిథి పుట్టిన ఊరు, అసలు పేరు, తల్లిదండ్రులు, చదువు అనే ప్రశ్నలతో సంభాషణ ప్రారంభమవుతుంది. తరువాత మద్రాసుకు లేదా హైదరాబాదుకు చేరిన విధం, తొలి అవకాశం, తొలి పారితోషికం, పేరు తెచ్చిన పాత్ర, పెళ్ళి, నష్టాలు, దూరమైన స్నేహాలు వరుసగా వస్తాయి. మధ్యమధ్య అతిథి గురించి ప్రచారంలో ఉన్న వదంతులను వ్యాఖ్యాత నేరుగా ప్రస్తావించి సమాధానం కోరతాడు. హాస్యంతో మొదలైన మాటలు కన్నీళ్ళతో ముగియడం ఈ కార్యక్రమంలో తరచుగా కనిపించే విషయం.

ప్రసారానికి కొద్ది రోజుల ముందు విడుదల చేసే ప్రోమోలు ఈ కార్యక్రమ వ్యాప్తికి ఎంతో దోహదం చేశాయి. యూట్యూబ్‌లో ప్రోమోను, ఆపై పూర్తి భాగాన్ని ఉంచడం వల్ల, టెలివిజన్ ముందు కూర్చోని యువతరానికి, విదేశాలలోని తెలుగువారికి కూడా ఇది చేరింది. పత్రికలు, వెబ్‌సైట్లు ప్రోమోలోని మాటలనే వార్తలుగా ప్రచురించేవి. దీనివల్ల ఒక నష్టం కూడా కలిగింది. గంటసేపు సాగిన జీవితకథలో ఒక్క వివాదాస్పద వాక్యమే ఎక్కువమందికి చేరేది.

అతిథులు

మోహన్ బాబు (2021), నిర్మాత అల్లు అరవింద్ (2022) వంటి ప్రముఖులు ఈ కార్యక్రమంలో పాల్గొన్నారు. ఆలీ సినీజీవితాన్ని మలుపు తిప్పిన ఎస్.వి.కృష్ణారెడ్డి, నిర్మాత అచ్చిరెడ్డి కూడా అతిథులుగా వచ్చారు. అయితే కార్యక్రమానికి ప్రత్యేకతను ఇచ్చినది అగ్రతారలు కాదు. తల్లిగా, వదినగా, ప్రతినాయకునిగా, హాస్యపాత్రధారిగా వందలకొద్దీ చిత్రాలలో కనిపించి, పేరు కంటె ముఖమే ఎక్కువగా గుర్తుండిపోయిన నటీనటులు ఇక్కడ కథానాయకులయ్యారు. ఒకప్పుడు వెలిగి తెరమరుగైన కథానాయికలు, చిత్రరంగాన్ని వదలి వేరే వృత్తులు చేపట్టినవారు, గాయకులు, దర్శకులు కూడా ఇందులో పాల్గొన్నారు.

తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలిన కాలంలో అనేక మంది సహాయ నటుల జీవితాలు తలక్రిందులయ్యాయి. కొందరు మద్రాసులోనే ఉండిపోయారు. కొందరు కొత్త నగరంలో మళ్ళీ మొదటి నుండి ప్రారంభించారు. ఈ వలస గురించి నిర్మాతల, స్టూడియోల కోణంలో రచనలు ఉన్నప్పటికీ, దినసరి పారితోషికంపై ఆధారపడిన నటుల అనుభవాలు తక్కువగా నమోదయ్యాయి. ఈ కార్యక్రమంలోని సంభాషణలు ఆ కొరతను కొంతవరకు తీర్చాయి.

వ్యాఖ్యాతగా పద్ధతి

ఆలీ పాత్రికేయుని వలె పత్రాలు ముందుంచుకొని నిలదీసే వ్యాఖ్యాత కాడు. అతిథితో కలిసి పనిచేసిన సహనటునిగా ప్రశ్నిస్తాడు. పెద్దవారిని 'అన్నయ్య', 'అమ్మ' అంటూ సంబోధించి, తమ ఇద్దరి మధ్య జరిగిన ఏదో ఒక చిత్రీకరణ సంఘటనను గుర్తుచేసి, అక్కడి నుండి మాటను ముందుకు నడుపుతాడు. మద్రాసు రోజులను, హైదరాబాదు రోజులను స్వయంగా చూసినందున, ఏ స్టూడియో, ఏ సంస్థ అని అతిథి వివరించవలసిన అవసరం ఉండదు.

ఇతని హాస్యం కూడా ఒక పనిముట్టుగా ఉపయోగపడింది. అప్పులు, విడాకులు, మద్యపానం, అవకాశాలు రాకపోవడం వంటి విషయాలను గంభీరంగా అడిగితే అతిథి ముడుచుకుపోవచ్చు. ముందు నవ్వించి, ఆ నవ్వు ముగిసేలోగా అడిగిన ప్రశ్నకు సమాధానం తేలికగా వస్తుంది.

ఆధారంగా విలువ, పరిమితులు

2022 సెప్టెంబరు నుండి 2023 ఫిబ్రవరి వరకు గల ఆరు నెలలలోపే కృష్ణంరాజు, కృష్ణ, కైకాల సత్యనారాయణ, చలపతిరావు, జమున, కె.విశ్వనాథ్ మరణించారు. అదే సంవత్సరం మే నెలలో శరత్ బాబు, నవంబరులో చంద్రమోహన్ కన్నుమూశారు. ఒక తరం ఇంత వేగంగా కనుమరుగవుతున్నపుడు, వారి సమకాలికుల నోట వెలువడిన ప్రతి జ్ఞాపకానికీ విలువ ఏర్పడుతుంది. ఆత్మకథ వ్రాసే తీరిక గాని, వ్రాయించుకునే స్తోమత గాని లేని కళాకారులకు టెలివిజన్ సంభాషణే ఆత్మకథ. పాత చిత్రాల గురించి తెలుసుకోదలచిన విద్యార్థులకు ఇవి ఉపయోగపడతాయి.

అయితే వీటిని ఆధారంగా స్వీకరించేటప్పుడు జాగ్రత్త అవసరం. నలభై ఏళ్ళనాటి సంఘటనలను జ్ఞాపకం నుండి చెప్పేటప్పుడు సంవత్సరాలు, చిత్రాల పేర్లు తారుమారు కావచ్చు. తగాదాల విషయంలో ఒకరి వాదనే వినిపిస్తుంది, రెండవవారు చాలాసార్లు జీవించి ఉండరు. వ్యాఖ్యాత మిత్రుడైనందున అతిథి మాటను ఖండించడం అరుదు. అతిథి మనసు విప్పడానికి కారణమైన స్నేహమే, అతనిని గట్టిగా ప్రశ్నించలేకపోవడానికి కూడా కారణమవుతుంది. అందువల్ల ఒక సంభాషణలోని విషయాన్ని నాటి పత్రికలతో, చిత్రాల విడుదల వివరాలతో, ఇతరుల జ్ఞాపకాలతో పోల్చి చూడడం మంచిది. మనిషి తన జీవితాన్ని ఎలా అర్థం చేసుకున్నాడన్నదానికి మాత్రం ఇంతకంటె దగ్గరి ఆధారం వేరొకటి దొరకదు.

విమర్శలు

2010వ దశకంలో పాటల విడుదల వంటి సినీ వేదికలపై నటీమణులనుద్దేశించి ఆలీ చేసిన కొన్ని ద్వంద్వార్థ వ్యాఖ్యలు తీవ్ర విమర్శలకు గురయ్యాయి. ముఖాముఖి కార్యక్రమంలో అతిథుల వ్యక్తిగత విషయాలను, వదంతులను ప్రస్తావించడం పట్ల కూడా అభ్యంతరాలు ఉన్నాయి. వదంతిని అడగడం అతిథికి వివరణ ఇచ్చుకునే అవకాశమని కొందరు, మరచిపోయిన వదంతికి మళ్ళీ ప్రాణం పోయడమని మరికొందరు భావిస్తారు.

ఈ సమస్యకు దగ్గరి అంశమే ఆలీ నిర్మించి నటించిన 'అందరూ బాగుండాలి అందులో నేనుండాలి' (2022) చిత్రానికి కథావస్తువు. మలయాళ చిత్రం వికృతి (2019) ఆధారంగా తీసిన ఈ చిత్రంలో నరేష్, పవిత్రా లోకేష్ ముఖ్య పాత్రలు ధరించారు. నిజం తెలుసుకోకుండా సామాజిక మాధ్యమంలో పెట్టిన ఒక ఫోటో ఒక కుటుంబాన్ని ఎంత బాధిస్తుందో ఇందులో చూపబడింది. ఇది ఆహాలో విడుదలయింది.

రాజకీయాలు

2019 మార్చిలో ఆలీ వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీలో చేరాడు. 2022 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇతనిని ఎలక్ట్రానిక్ మీడియా సలహాదారుగా నియమించింది. 2024 ఎన్నికలలో ఆ పార్టీ ఓటమి తరువాత, జూన్ నెలలో పార్టీకి రాజీనామా చేసి రాజకీయాలకు దూరంగా ఉంటానని ప్రకటించాడు. ఒక వ్యాఖ్యాత ఒక పార్టీకి చెందినవాడైనప్పుడు అన్ని వర్గాల అతిథులతో ఒకే విధంగా మెలగగలడా అన్న ప్రశ్న తెలుగు టెలివిజన్‌లో ఇతని ఒక్కనికే పరిమితం కాదు. హిందూపురం శాసనసభ్యుడైన నందమూరి బాలకృష్ణ 2021 నవంబరులో ఆహాలో ప్రారంభించిన 'అన్‌స్టాపబుల్' కార్యక్రమపు రెండవ విడతలో తొలి అతిథి ఇతని బావ, తెలుగుదేశం పార్టీ అధినేత చంద్రబాబు నాయుడు కావడం ఇక్కడ గమనించదగినది.

తరువాతి కాలం

'ఆలీతో సరదాగా' 2022లో ముగిసిన తరువాత ఈటీవీలో 'ఆలీతో ఆల్ ఇన్ వన్' అనే వినోద కార్యక్రమాన్ని ఇతడు నిర్వహించాడు. ఈలోగా నటులే వ్యాఖ్యాతలుగా ఉండే ముఖాముఖి కార్యక్రమాలు తెలుగులో పెరిగాయి. రానా దగ్గుబాటి 'నెం.1 యారి' (2017), సమంత 'సామ్ జామ్' (2020), జగపతిబాబు 'జయమ్ము నిశ్చయమ్మురా' (2025) వీటిలో కొన్ని. వీటిలో ఎక్కువగా నేటి అగ్రతారలు, కొత్త చిత్రాల ప్రచారానికి వచ్చే బృందాలు కనిపిస్తారు. చెప్పుకోవడానికి కొత్త చిత్రమేదీ లేని పాత నటునికి కూడా ఒక కుర్చీ వేసి, అతని కథను ఆసాంతం విన్న కార్యక్రమంగా 'ఆలీతో సరదాగా' వీటి నుండి భిన్నమైనది.

ఇవి కూడా చూడండి

యమలీల
సీతాకోకచిలుక
ఈటీవీ
పాడుతా తీయగా
ఎస్.వి.కృష్ణారెడ్డి
తబస్సుమ్