కంటి గాయాన్ని మాన్పేది కన్నీరే

వరి కోతలు మొదలైతే మా కంటి ఓపీ బెంచీలు నిండిపోతాయి. ఒక కోతల కాలంలో ఒకే వారంలో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఇద్దరికీ కంటికి తగిలింది వరి ఆకే. ఒకామె ఆ సాయంత్రమే కొంగుతో కన్ను మూసుకుని వచ్చింది. మూడో రోజుకు ఆమెకు నయమైంది. రెండో ఆమె తొమ్మిదో రోజున వచ్చింది. అప్పటికే నల్లగుడ్డు మీద తెల్లగా పుండు పడింది. నెలల తరబడి మందులు వాడాక కన్ను నిలిచింది గాని, పువ్వు మిగిలిపోయింది. ఆ కంటికి ఇప్పుడు ఎదుటివారి చేయి కదలడం మాత్రమే తెలుస్తుంది.

ఇంత తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే, కంటి గాయం ఎలా మానుతుందో ముందు చెప్పుకోవాలి.

నల్లగుడ్డు మీద గడియారానికి అద్దంలా అమరి ఉండే పొరను కార్నియా అంటారు. దీని మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరు. దాని పైన కొద్ది వరుసల కణాలతో పలుచని తొడుగు ఉంటుంది. ఆకు గీసినా, చంటిబిడ్డ గోరు తగిలినా లేచిపోయేది ఈ తొడుగే. చేతికి దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టి పక్కు కడుతుంది. కార్నియాలో రక్తనాళాలే లేవు. కనుక ఇక్కడ చాలా పని కన్నీరు చేయాలి.

కన్నీరంటే ఉప్పునీరు మాత్రమే కాదు. అందులో గ్రోత్ ఫ్యాక్టర్లు అనే ప్రోటీన్లు ఉంటాయి. ఇవి కణాలకు కబురు అందిస్తాయి. ఆ కబురు అందుకుని, గాయమైన కొద్ది గంటల్లోనే అంచున ఉన్న కణాలు చదునై, పక్కకు జరుగుతూ ఖాళీని కప్పుతాయి. తరువాత సంఖ్య పెరిగి మళ్లీ వరుసలు పేర్చుకుంటాయి. చిన్న గీతైతే ఒకటి నుండి మూడు రోజుల్లో మూసుకుంటుంది. రంగు చుక్క వేసి నీలి లైటులో చూస్తే గాయం ఉన్నంత మేర ఆకుపచ్చగా మెరుస్తుంది. నిన్న బియ్యపు గింజంత ఉన్నది ఇవాళ నువ్వు గింజంత కనబడితే, ఇన్నేళ్ల తరువాత కూడా మాకు సంతోషమే.

వీటిలో ఒక ప్రోటీన్ బయటపడిన తీరు వింతగా ఉంటుంది. అమెరికాలో స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త, ఎలుకల లాలాజల గ్రంథుల నుండి తీసిన పదార్థాన్ని పసి ఎలుక పిల్లలకు ఇచ్చారు. సుమారు రెండు వారాలకు తెరుచుకోవలసిన కళ్లు వారానికే తెరుచుకున్నాయి! అలా దొరికినదే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. మన కన్నీటిలోనూ అది ఉంది. 1986లో ఆయనకు, నరాల గ్రోత్ ఫ్యాక్టర్‌ను కనుగొన్న రీటా లెవీ మోంటల్చినీకి కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ నరాల ప్రోటీన్‌తో చేసిన కంటి చుక్కలకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది.

లాలాజలం అన్నాం కదా అని, నాలుకతో నలుసు తీయించుకోవడం మంచిదే అనుకోకండి. నోటిలోని సూక్ష్మజీవులు పచ్చి గాయంలోకి వెళతాయి. రెండో ఆమె మొదట చేసింది అదే. మరునాడు మెడికల్ షాపులో ఎర్రకన్నుకని చుక్కలు కొన్నది. అది స్టిరాయిడ్ మందు. రెండు రోజులు ఎరుపు తగ్గి, హాయిగా అనిపించిందట. ఆ మందు గాయం మూసుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది, ఆకుతో వచ్చిన ఫంగస్‌కు దారి ఇస్తుంది. మరికొందరు, "మొదటి రోజు వేశారే సిస్టరమ్మా, నొప్పి ఇట్టే పోయింది, ఆ చుక్కలే ఇంటికి ఇవ్వండి" అని అడుగుతారు. అది మత్తు చుక్క. పదే పదే వేస్తే కణాలు కదలడమే మానేస్తాయి. ఎంత అడిగినా ఇవ్వము.

షుగరు ఉన్నవారి సంగతి వేరు. కొందరికి కార్నియా నరాలు మొద్దుబారతాయి. నొప్పి తెలియదు, కన్నీరు సరిగా ఊరదు, గాయం మానదు. అలాంటి ఒక పెద్దాయనను మేము పట్నంలోని కంటి ఆసుపత్రికి పంపాము. అక్కడ ఆయన రక్తమే తీసి, గడ్డకట్టనిచ్చి, మిషనులో తిప్పి, పైన తేలిన సీరమ్‌ను సెలైనులో కలిపి చుక్కలుగా ఇచ్చారు. సీరమ్‌లోనూ గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి. "కంటి జబ్బుకు చేతిలో రక్తమెందుకమ్మా?" అని ఆయన మా మీద కోపం చేసుకున్నారు. నిల్వ మందు కలపరు గనుక ఆ సీసాలు ఫ్రిజ్‌లోనే ఉంచాలి. వాళ్లింట్లో ఫ్రిజ్ లేదు. కోడలు ఎదురింటి ఫ్రిజ్‌లో పెట్టించి, వేళకు తెచ్చి వేసింది. ఆయన కన్ను మానడంలో సగం పుణ్యం ఆ అమ్మాయిదే అని మేమంటాము.

కంట్లో ఏదైనా పడితే నలపకండి. శుభ్రమైన నీటితో కడగండి. సున్నం పడితే మాత్రం కనీసం అరగంట కడగండి, నల్లగుడ్డు అంచున కొత్త కణాలను పుట్టించే మూలకణాలను అది కాల్చేస్తుంది. ఆకు తగిలిన కంటికి కట్టు కట్టకండి, ఆకు పసర్లు, చనుబాలు, ఆముదం వేయకండి. అదే రోజు రండి. ఇప్పటికే షాపులో చుక్కలు కొని వేసి ఉంటే ఆ సీసా దాచకుండా వెంట తీసుకురండి. మేము కోప్పడము, దాని మీద పేరు చూడాలి, అంతే.