చిత్తడి నేల మీద కాలేజీ ఫుట్‌బాల్: కొన్ని విశేషాలు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం కుర్రాడికి కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో చోటు దొరికిందనుకోండి. ముందు అంతర్ కళాశాలల పోటీలు. అక్కడ మెరిస్తే, 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం జట్టులోకి పిలుపు. ఆపై విశ్వవిద్యాలయాల మధ్య జరిగే సౌత్ జోన్ పోటీలు. జోన్‌లో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లే అఖిల భారత పోటీలకు వెళ్తాయి. మిగతావాళ్లకు ఆ ఏటికి ఆట ముగిసినట్టే.

దేశంలో చాలాచోట్ల వానలు వెనక్కి తగ్గాక మైదానాలు ఆరుతాయి. నెల్లూరు తీరంలో అసలు వానలు అప్పుడే మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటికి తోడు వాయుగుండాలు. ప్రాక్టీసు ముమ్మరంగా సాగాల్సిన వారాల్లో గోలు ముందరి నేలంతా బురద. కాలితో తోసిన బంతి రెండు గజాలు పోయి ఆగిపోతుంది. పొట్టి పాసులు నేర్చుకున్న పిల్లలు కూడా బంతిని పైకి లేపి ఆడక తప్పదు. ఆట మొదలయ్యేటప్పుడు బంతి 410 నుంచి 450 గ్రాముల మధ్య ఉండాలని నిబంధన. పాతకాలపు తోలు బంతులైతే తడిసేకొద్దీ బరువెక్కేవి, తలతో కొట్టాలంటే గుండెధైర్యం కావాల్సి వచ్చేది. పోటీల తేదీలు వేసేవాళ్లు ఈ తీరపు వానలను లెక్కలోకి తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇదే మండలంలో మైపాడు బీచ్ ఉంది. ఇసుకలో ఆడే ఫుట్‌బాల్‌కు వేరే నియమాలున్నాయని మీకు తెలుసా? జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే. పన్నెండేసి నిమిషాల చొప్పున మూడు భాగాలు. బూట్లు వేసుకోవడం నిషిద్ధం. మన దేశంలో దీనికి తొలి జాతీయ పోటీలు 2023లో సూరత్‌లో జరిగాయి.

బూట్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే బరిలోకి దిగారు. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాకే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

మళ్లీ కాలేజీ ఆటకొస్తే, అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. అయితే 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య జరిగిన తొలి పోటీలో బంతిని పట్టుకుని పరుగెత్తడానికి వీల్లేదు. జట్టుకు పాతికమంది. రట్గర్స్ 6-4తో గెలిచింది.

ఇక మన హైదరాబాద్. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసి, కోచ్ అయ్యారు. ఆయన చేతుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. అలవాటు లేని కాలితో మాత్రమే ఆడాలని షరతు పెట్టి ఆయన పోటీలు నడిపేవారు. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో తడబడి, మెల్లగా దారికొచ్చేవాడు. ఏ ఊరి కాలేజీలోనైనా ఖర్చు లేకుండా చేయగల సాధన ఇది, పీఈటీలు తప్పకుండా ప్రయత్నించాలి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది.

ఆ రెండు జట్లలోనూ సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టింది అతనే.