ఏ కంప్యూటరైనా చదివే డిస్కు

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ కళాకారుడు. కంచుతాళం, డోలు మోగుతుండగా సమ్మక్క సారలమ్మల కథను కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఇక ఆ గొంతు రికార్డుల్లోనే వినాలి.

ఇలాంటి కథలు చెప్పేవాళ్లు చర్ల, దుమ్ముగూడెం నుంచి 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు దాకా అడవి అంచు పొడవునా ఉన్నారు. వాళ్లను సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతతో గంటసేపు వీడియో తీస్తే 45 జీబీ అవుతుంది. సిగ్నల్ సరిగ్గా అందని ఊళ్లకు అంత బరువును నెట్‌లో పంపలేం. అక్కడికి పాటను మోసుకుపోయేది అరచేతిలో పట్టే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కే. చిక్కేమిటంటే, ఎడిటింగ్ చేసినవారిది మ్యాక్, కాలేజీ ల్యాబ్‌లో లినక్స్, మీసేవ కొట్టులో విండోస్ అనుకుందాం. కేబుల్ మూడింటికీ సరిపోతుంది. ఫైళ్లు మాత్రం మూడింటిలోనూ తెరుచుకుంటాయన్న హామీ లేదు.

ఎందుకంటే ఫైలు అంటే ఏమిటో డిస్కుకు తెలియదు. అయస్కాంత పూత పూసిన పళ్లెం మీద 512 లేదా 4096 బైట్ల గడులు, వాటికి వరుస నంబర్లు, అంతే. ఫలానా నంబరు గడిలో ఏముందంటే చెబుతుంది. ఏ పాట ఏ గడుల్లో ఉందో, ఏ గడులు ఖాళీయో చెప్పే లెక్క వేరే ఉంటుంది. దాన్నే ఫైల్ సిస్టమ్ అంటారు. ఊరి భూమికి కరణం రాసే పహాణీ లాంటిదది. భూమి ఉన్నచోటే ఉంటుంది, లెక్క రాసే తీరు తెలియనివాడికి మాత్రం ఎవరి చేను ఎక్కడుందో అంతుపట్టదు.

ఈ లెక్కల్లో ఇప్పటికీ వాడుకలో ఉన్న పాత కుటుంబం ఫ్యాట్. 1977లో మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ దీన్ని ఫ్లాపీల కోసం రాశారు. ఒక ముక్క తరువాత ఏ ముక్క చదవాలో చెప్పే చిన్న పట్టిక అది. సులువైనది కాబట్టి అందరూ నేర్చుకున్నారు. 1996లో వచ్చిన ఫ్యాట్32ను నేటికీ టీవీలు, కార్లలోని పాటల పెట్టెలు సైతం చదువుతాయి. అయితే అందులో ఫైలు సైజు రాసుకోవడానికి 32 బిట్లే ఉన్నాయి. 4,29,49,67,295 బైట్లు, అంటే 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. మనం చెప్పుకున్న వీడియో ఆరు నిమిషాల లోపే ఆ గీత తాకుతుంది. అందుకే ఫ్యాట్32 మెమరీ కార్డు మీద కెమెరాలు వీడియోను ముక్కలుగా రాస్తాయి. గంటలకొద్దీ సాగే కథ చరణం మధ్యలో తెగిపోతుంది.

ఆ తరువాత ఎవరి దారి వారిదయింది. 1993లో విండోస్ ఎన్‌టీతో ఎన్‌టీఎఫ్‌ఎస్ వచ్చింది. చేయబోయే మార్పును ముందుగా జర్నల్‌లో రాసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా లెక్క చెడదు. ఆపిల్ 1998లో హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, 2017లో మ్యాక్‌లకు ఏపీఎఫ్‌ఎస్ తెచ్చింది. లినక్స్‌లో ఎక్స్‌ట్ కుటుంబం పెరిగి 2008కి ఎక్స్‌ట్4 స్థిరపడింది. ఎవరికి వారు చక్కగానే కట్టుకున్నారు, గుమ్మాలే కలవలేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును మ్యాక్ చదువుతుంది కానీ దాని మీద రాయదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ నియమాలను మైక్రోసాఫ్ట్ పూర్తిగా వెల్లడించకపోవడంతో లినక్స్ వాళ్లు బైట్లను పరిశీలించి ఊహిస్తూ ఏళ్లపాటు శ్రమించారు. నమ్మకంగా రాయగల ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ స్థిరమైన రూపంలో 2007లో గానీ రాలేదు.

అన్నిటికన్నా ప్రమాదం విండోస్‌కు ఎక్స్‌ట్4 డిస్కు తగిలించినప్పుడు వస్తుంది. వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని తెర మీద పెట్టె కనిపిస్తుంది. నిజానికి డిస్కు ఖాళీ కాదు, చెడిపోనూ లేదు. ఆ లెక్క విండోస్‌కు తెలియదు, అంతే. తెలియక సరే అని నొక్కితే పాత లెక్క మీద కొత్త లెక్క పడుతుంది. పాటలు గడుల్లో ఇంకా ఉన్నా వాటి చిరునామా పోతుంది. ఆ పెట్టె కనిపిస్తే చేయవలసింది ఒక్కటే. రద్దు నొక్కి, డిస్కును దాని భాష తెలిసిన కంప్యూటరుకు తీసుకెళ్లడం.

ఈ చిక్కుకు విరుగుడుగా నిలిచింది ఎక్స్‌ఫ్యాట్. 2006లో మైక్రోసాఫ్ట్ దీన్ని చిన్న పరికరాల కోసం తెచ్చింది. ఫైలు సైజుకు 64 బిట్లు ఇవ్వడంతో 4 జీబీ గీత చెరిగిపోయింది. 2009లో ఎస్‌డీఎక్స్‌సీ మెమరీ కార్డులకు ఇదే ప్రమాణమైంది. 2010లో మ్యాక్ దీన్ని చదవడం, రాయడం నేర్చుకుంది. లినక్స్ మాత్రం బయటే ఉండిపోయింది. సాంకేతికంగా కష్టమై కాదు, పేటెంట్ల భయం. 2009లోనే ఫ్యాట్ పేటెంట్ల మీద మైక్రోసాఫ్ట్ టామ్‌టామ్ అనే కంపెనీని కోర్టుకు లాగింది. చివరికి 2019 ఆగస్టు 28న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఫ్యాట్ నియమాలను బహిరంగపరిచి, లినక్స్‌లో చేర్చుకోవడానికి మద్దతు ప్రకటించింది. 2020లో శాంసంగ్ ఇంజినీర్లు రాసిన డ్రైవర్ లినక్స్ 5.7తో అందరికీ చేరింది. పద్నాలుగేళ్లు అడ్డుగా నిలిచిన గోడ, నియమాలు నలుగురి ముందూ పెట్టాక ఏడాది తిరగకుండా కూలింది.

పంచుకునే డిస్కుకు ఎక్స్‌ఫ్యాటే సరైనదని నా గట్టి అభిప్రాయం. దాని లోపం కూడా తెలిసి వాడాలి. జర్నల్ లేదు, పట్టిక మామూలుగా ఒక్కటే ఉంటుంది. కాపీ సగంలో ఉండగా కేబుల్ లాగితే ఆ ఒక్క పట్టికే చెడవచ్చు. కాపీ అయిపోయినట్టు కనిపించినా కొంత డేటా ఇంకా మెమరీలోనే ఉండవచ్చు. ఎజెక్ట్ నొక్కితేనే అది డిస్కు మీదికి చేరిందన్న భరోసా. అందుకే అసలు ప్రతిని జర్నల్ ఉన్న డిస్కులో దాచి, ఊళ్లు తిరిగే ప్రతిని ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంచడం మేలు.

ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టేవారు ఇంకో సంగతి గమనించాలి. ‘భద్రాచలం’ అన్న మాటకు యూనికోడ్‌లో ఎనిమిది సంకేతాలు. లినక్స్ ఒక్కోదానికి మూడు బైట్లు లెక్కేస్తుంది, మొత్తం 24. ఎక్స్‌ట్4లో పేరుకు 255 బైట్లే హద్దు కనుక తెలుగులో 85 సంకేతాలు దాటకూడదు. పాట, గాయకుడు, ఊరు, తేదీ అన్నీ పేరులోనే పెడితే విండోస్ ఒప్పుకున్నా అక్కడ కాపీ ఆగిపోతుంది. మ్యాక్ పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌లో మరో చిత్రం. అది ఐత్వాన్ని రెండు గుర్తులుగా విడదీసి దాస్తుంది. కంటికి ఒకేలా కనిపించే పేరు లినక్స్‌లో వెతికితే దొరక్కపోవచ్చు. పేరు పొట్టిగా ఉంచి, వివరాలను పక్కనే మామూలు టెక్స్ట్ ఫైల్లో రాస్తే ఈ తిప్పలుండవు.

1870లలో దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ కోయల గురించి రాసిన వ్యాసాలు కాగితం మీద ఉన్నాయి కనుక నేటికీ చదవగలుగుతున్నాం. డిస్కులోని పాటకు ఆ భరోసా దానంతటది రాదు. లెక్క రాసే పద్ధతి నలుగురికీ తెలిసి ఉండాలి, ప్రతులు ఒకటికి రెండు ఉండాలి. ఒక ఊరి పాటను ఆ ఊరికే తిరిగి ఇచ్చేటప్పుడు, వాళ్ల దగ్గరున్న కంప్యూటరుకే డిస్కు తగిలించి, ఒక పాట తెరిచి వినిపించి, ఒక కొత్త ఫైలు వాళ్ల చేతే అందులో రాయించాలి. అప్పుడే ఇచ్చినట్టు.