నిలువయుంచిన షార్డొనే ద్రాక్షాసవమును పరీక్షించు విధము

పంట పండించుట యొక విద్య. పండినదానిని చెడకుండ నిలుపుట మఱియొక విద్య. ఈ రెండవదానికి ఫ్రాన్సు దేశమునందలి షాబ్లీ ప్రాంతము మంచి దృష్టాంతము. అచటి కర్షకులు సున్నపురాతి నేలలలో షార్డొనే యను తెల్లద్రాక్షను పండింతురు. 1923వ సంవత్సరమున వారిలో కొందఱు సహకార సంఘముగా నేర్పడిరి. సభ్యుల ద్రాక్షరసము నొక్కచోట జేర్చి యాసవము చేయించి విక్రయించు నా సంఘము నేటికిని నడచుచున్నది.

మంచి షాబ్లీ ఆసవము పదియేండ్లును, అంతకు మించియు నిలువగలదు. దానిని గాపాడునది ద్రాక్షలోని పులుపు; చెఱచునది గాలిలోని ప్రాణవాయువు. మన యావకాయ జాడీలో నూనె పైకి తేలియుండవలెనని పెద్దలు చెప్పుట యిందులకే గదా! అచట నూనె చేయు పనిని బిరడా చేయును. బిరడా యెండకుండుటకై సీసాలను పరుండబెట్టి, చీకటిగా నుండు నేలమాళిగలో సుమారు 12 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనమున నుంచెదరు.

పరీక్షాక్రమ మిట్టిది. మొదట సీసా మెడలోని మట్టమును జూడవలెను. అది మిక్కిలి తగ్గియున్నచో గాలి చొరబడినదని శంకింపవలెను. రెండవది రంగు. తెల్లకాగితముపై గ్లాసును వంచి చూడుడు. లేతపసుపు బంగారువన్నెకు దిరుగుట సహజము, గోధుమవన్నె చెడుగుఱుతు. మూడవది వాసన. తేనె, వేచిన గింజల వాసన మంచి ముదురుదనమును దెలుపును. కమిలిన యాపిలుపండు వాసన చెడినదానికి సాక్ష్యము. తడిసి మ్రగ్గిన అట్టవాసన వచ్చినచో దోషము వయస్సుది కాదు, బిరడాదే. కడపటిది రుచి. పులుపు సజీవముగా నుండి, రుచి నాలుకపై చాలసేపు నిలిచినచో నది బాగుగ నిలిచినదనుడు. పరీక్షకులు దానిని మ్రింగక యుమియుదురు.

1995, 1996 సంవత్సరముల పంటలు మొదలుకొని బర్గండీ తెల్లయాసవములు పెక్కు, చిరకాలము నిలుచునని నమ్మి దాచినవి, కొలది యేండ్లకే వన్నె మాఱి చెడినవి. బిరడాల లోపము, రక్షణకై వేయు గంధకపు పాలు తగ్గించుట, పండ్లను నొక్కు పద్ధతి మాఱుట మున్నగు కారణములను నిపుణులు చెప్పుదురు. వెలపోసి కొన్నవారు సీసా విప్పినపుడుగాని నష్ట మెఱుగరైరి.

కావున దాచినవా రన్నియు నొకేసారి విప్పుటకై వేచియుండక, కొన్నియేండ్ల కొకటి చొప్పున విప్పి చూచుట మేలు. గాదెలోని విత్తనమును నాటుటకు ముందు పిడికెడు మొలకెత్తించి చూచు కర్షకునకు మే మీ మాట విప్పిచెప్ప నక్కఱలేదు.