ఫరాహాబాదు కొండపై పిట్టల చీటీలు

పక్షిశాస్త్రంలో సేకరణ అంటే ఒకప్పుడు పిట్టను తుపాకీతో కొట్టి, ఈకలు చెదరకుండా చర్మం ఒలిచి, లోపల దూది కూరి, కాలికి చీటీ కట్టి దాచడమే. హిమాలయాల్లోని ఎత్తైన గట్ల మీద పందొమ్మిదో శతాబ్దంలో ఈ పని ముమ్మరంగా సాగింది. తెలుగు నేలపై, జూరాల జలాశయం దగ్గరి ఆత్మకూరుకు తూర్పున, అచ్చంపేట దాటాక లేచే అమ్రాబాద్ పీఠభూమి, అంటే టేకు, నల్లమద్ది, వెదురు కమ్మిన నల్లమల ఎగువభాగం, అటువంటి పరిశోధనకు చోటిచ్చింది.

1931-32లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ రాజ్యపు పక్షులను సర్వే చేస్తూ ఈ పీఠభూమిపైని మన్ననూరు, ఫరాహాబాదుల్లో కూడా పిట్టలను పరిశీలించారు. జీతం అక్కర్లేదు, ఖర్చులు ఇస్తే చాలునని ముందుకొచ్చిన ఆయనకు శిబిరాల్లో భార్య తెహ్మీనా తోడుగా ఉండేవారు. సేకరించిన చర్మాలను పంజాబులో పోలీసు అధికారిగా పనిచేసిన పక్షిశాస్త్రవేత్త హ్యూ విస్లర్ పోల్చి చూసి వ్యాఖ్యలు రాశారు. ఫలితాలు బొంబాయి సహజ చరిత్ర సంఘపు పత్రికలో వెలువడ్డాయి.

చర్మం కన్నా చీటీయే విలువైనదని చెప్పాలి. తేదీ, ఊరు, ఎత్తు, ఆడో మగో, చనిపోయాక వెలిసిపోయే కంటి రంగు, ముక్కు రంగు అందులో ఉంటాయి; బీజకోశాలు ఎంత ఉబ్బాయో రాస్తే గూడు కట్టే కాలం, ఈకల స్థితి రాస్తే పాత ఈకలు రాలి కొత్తవి మొలిచే కాలం తెలుస్తాయి. ఎత్తు రాయడానికీ కారణముంది: దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా కనిపించని పసుపుగొంతు పికిలిపిట్ట పొదలున్న రాతిగుట్టలనే అంటిపెట్టుకుంటుంది, కింది పొలాల్లో వెతికితే దొరకదు. నల్లమల అడవిలో ఏ పిట్ట ఎక్కడ తిరుగుతుందో అక్కడే నివసించే చెంచు గిరిజనులకు తెలిసినంతగా మరొకరికి తెలియదు, అయినా అటువంటి చీటీలపై సేకరించినవారి పేరే గాని దారి చూపినవారి పేరు రాసే అలవాటు లేకపోవడం ఈ శాస్త్రం తీర్చుకోని బాకీ.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అనుమతి లేని వేటకు, సేకరణకు తావు లేదు. ఇప్పుడు పరిశోధకులు సన్నని వలలో పట్టి, కాలికి అంకె చెక్కిన ఉంగరం తొడిగి వదిలేస్తారు. తక్కినవారికి దూరదర్శిని, చెవి, నోటుపుస్తకం చాలు. అమ్రాబాద్ నేడు పులుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతితోనే వెళ్ళాలి. అక్కడైనా, ఆత్మకూరు దగ్గరి జూరాల నీటి ఒడ్డునైనా పాలపిట్ట కనిపించినప్పుడు తేదీ, వేళ, చోటు రాసి ఉంచండి.