సెల్ఫ్ మోటారుకు అందని వోల్టులు

పాత కారు పొద్దున్నే మొరాయిస్తే ముందుగా నింద పడేది బ్యాటరీ మీద. తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు, అంతే. కొత్త బ్యాటరీ వేయిస్తారు, కొన్నాళ్లు బాగానే ఉంటుంది, మళ్లీ అదే ‘టక్’. ఈసారి సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్లు మార్పిస్తారు. ఈ ఖర్చుల్లో చాలావరకు తొందరపాటు ఖర్చులేనని నా వాదన. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాళ్ల మారుతి 800 వంటి కార్లలో ముందు అనుమానించాల్సింది బ్యాటరీకీ మోటారుకూ మధ్య ఉన్న దారిని. అంటే టెర్మినళ్లు, లావు కేబుళ్లు, ఇంజిన్ ఎర్త్ పట్టీ. ఎందుకో అర్థం కావాలంటే ఈ మోటారు ఎలా పుట్టిందో చూడాలి. దాని గొప్పతనం, దాని బలహీనత రెండూ ఒకే ఆలోచనలోంచి వచ్చాయి.

సెల్ఫ్ రాకముందు కారు ముందు నిలబడి హ్యాండిల్ కొట్టాల్సి వచ్చేది. స్పార్క్ కాస్త ముందుగా పడితే ఇంజిన్ వెనక్కి తన్నేది, ఆ దెబ్బకు మణికట్లు విరిగేవి. దీనికి ఆచరణలో నిలిచిన విద్యుత్ పరిష్కారం ఇచ్చినవాడు అమెరికాలోని డేటన్ నగరానికి చెందిన చార్లెస్ కెటరింగ్. ఇంజిన్‌ను తిప్పగల మోటారు పెడితే అది, దాని బ్యాటరీ కలిసి కారుకే బరువవుతాయని అప్పటి వాదన. కెటరింగ్ అంతకుముందు నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో గల్లాపెట్టె యంత్రానికి చిన్న మోటారు అమర్చి ఉన్నాడు. క్షణం సేపు పనిచేసి ఆగిపోయే మోటారు మీద దాని స్థాయికి మించిన భారం వేయవచ్చని, వేడెక్కేలోగా పని అయిపోతుందని ఆయనకు అక్కడే తెలిసింది. అదే సూత్రంతో చేసిన సెల్ఫ్ 1912 మోడల్ క్యాడిలాక్‌లో వచ్చింది. 1915లో పేటెంటు దక్కింది. అంబాసిడర్ కాలానికీ, ఆ తర్వాతా ఈ మోటారులో చాలా మెరుగులు వచ్చాయి గానీ మూలసూత్రం మారలేదు. కొద్ది క్షణాలపాటు విపరీతమైన కరెంటు తాగడమే దాని పని.

లెక్క అక్కడే మొదలవుతుంది. చిన్న పెట్రోల్ ఇంజిన్‌ను తిప్పడానికి సెల్ఫ్ మోటారు సుమారు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. దారిలో ఎక్కడో ఒక టెర్మినల్ కింద తెల్లటి పొడి పేరుకుని, ఓమ్‌లో నూరో వంతు మాత్రమే నిరోధం ఏర్పడిందనుకుందాం. ఓమ్ సూత్రం ప్రకారం అక్కడే 1.5 వోల్టులు పోతాయి, 225 వాట్లు వేడిగా మారతాయి. అదే టెర్మినల్ గుండా హెడ్‌లైట్లు పది ఆంపియర్లు తీసుకుంటే పోయేది వోల్టులో పదో వంతు, కంటికి తేడాయే కనిపించదు. సగం మూసిన గుమ్మంలోంచి ఒక మనిషి సులువుగా వెళ్లిపోతాడు, ఊరేగింపు మాత్రం అక్కడే ఆగిపోతుంది. ‘లైట్లు బాగానే వెలుగుతున్నాయి, హారన్ గట్టిగానే మోగుతోంది, కాబట్టి వైరింగ్‌లో లోపం లేదు’ అన్న తర్కం అందుకే నిలవదు. ఈ బలహీనత ఇంజనీర్లకు మొదటినుంచీ తెలుసు. కెటరింగ్ తొలి అమరికలోనే స్టార్టింగ్‌కు 24 వోల్టులు వాడాడు. తర్వాత చాలాకాలం 6 వోల్టులతో నడిచిన అమెరికన్ కార్లు 1950ల్లో 12కు మారాయి. వోల్టేజీ రెట్టింపయితే అదే పనికి సగం కరెంటు చాలు, దారిలో పోయే వాటా నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇక లోపం ఈ దారిలో ఉందో లేదో ఇంట్లోనే కొలిచి తేల్చుకోవచ్చు. మామూలు మల్టీమీటరు, తాళం తిప్పడానికి ఇంకో మనిషి ఉంటే చాలు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇంజిన్ స్టార్ట్ కాకుండా కాయిల్‌కు వచ్చే సన్నవైరు తీసేయాలి. మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్ సీసపు మొలకు (పైన బిగించిన క్లాంపుకు కాదు), రెండో కొన సోలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్) మీద ప్లస్ కేబుల్ వచ్చి చేరే బోల్టుకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. సెల్ఫ్ తిరుగుతుండగా అర వోల్టు దాటితే దోషం ఆ దారిలోనే ఉంది. ఒక కొనను అంచెలంచెలుగా జరుపుతూ పోతే ఏ అతుకో తేలిపోతుంది. మైనస్ మొల నుంచి ఇంజిన్ లోహానికి కూడా ఇలాగే చూడాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో కొలతనే. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కనుక బాడీతో దానికి విద్యుత్ సంబంధం ప్రధానంగా ఎర్త్ పట్టీ ద్వారానే. ఆ పట్టీ తెగినా, దాని బోల్టు కింద తుప్పు పట్టినా, కరెంటు యాక్సిలరేటర్ కేబుల్‌నో చోక్ కేబుల్‌నో దారి చేసుకుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ కేబుల్ వేడెక్కడమో పొగరావడమో జరిగితే ఇంకేమీ వెతకనక్కర్లేదు.

‘పక్క కారు బ్యాటరీకి కేబుళ్లు తగిలిస్తే వెంటనే స్టార్ట్ అవుతోంది కదా, అంటే నా బ్యాటరీ పోయినట్టేగా?’ అనేది బలమైన ప్రశ్న. కానీ ఆ కేబుళ్లలో మైనస్ వైపు నల్ల క్లిప్పును సాధారణంగా ఇంజిన్ లోహానికి తగిలిస్తాం. దాంతో చెడిన ఎర్త్ దారిని తప్పించి కరెంటుకు కొత్త దారి ఇచ్చినట్టే. కారు లేచింది కొత్త బలంతోనా, కొత్త దారితోనా అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. తోసి స్టార్ట్ చేయడం కూడా అంతే. పెట్రోలు, స్పార్క్ బాగున్నాయని అది చెబుతుంది, లోపం సెల్ఫ్ వైపు ఉందని చెబుతుంది, బ్యాటరీ చచ్చిందని మాత్రం చెప్పదు. కొత్త బ్యాటరీతో కొన్నాళ్లు బాగుండటానికీ కారణం సులువే. మార్చేటప్పుడు మెకానిక్ క్లాంపులు విప్పి, గీకి, బిగించి ఉంటాడు.

బ్యాటరీలు నిజంగానే చావవా? చస్తాయి, మన ఎండల్లో మరీ త్వరగా. రెంటచింతల, రామగుండం వేసవిలో లోపలి ప్లేట్లు తొందరగా తినుకుపోతాయి, నీరు ఆవిరవుతుంది. అయితే దాన్నీ మీటరే చెప్పాలి. రాత్రంతా ఆగిన కారులో నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది, 12.2 అంటే దాదాపు సగం ఖాళీ. ఆ 12.6 చూసి సంబరపడకూడదు, సెల్ఫ్ కొడుతుండగా చూడాలి. అప్పుడు 9.6 కంటే కిందికి జారితే, ఛార్జి చేశాకా జారుతూనే ఉంటే, బ్యాటరీని మార్చాల్సిందే. తాళం తిప్పగానే ‘టకటకటక’మని వరసగా మోగితే సోలినాయిడ్ లాగుతోంది, ఆ భారానికి వోల్టేజీ కూలుతోంది, అది వదిలేస్తోంది. దానికి బలహీన బ్యాటరీ కారణం కావచ్చు, చెడ్డ అతుకూ కావచ్చు. రెండు దారులూ, బ్యాటరీ బాగున్నాయని కొలతలో తేలాక కూడా మోటారు తిరగకపోతేనే సోలినాయిడ్, కార్బన్ల వైపు వెళ్లాలి. ఇంజిన్ చురుగ్గా తిరుగుతూ అందుకోకపోతే అది వేరే కథ. పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు, పెట్రోలు చూడాలి.

మరమ్మతు చాలాసార్లు అతి చౌక. చేతి ఉంగరం, గడియారం తీసి, ముందు మైనస్ క్లాంపు, ఆ తర్వాత ప్లస్ విప్పాలి. వేడినీళ్లలో వంటసోడా కలిపి, బ్యాటరీ గదుల్లోకి పోకుండా మొలలు కడిగి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజిలిన్ రాయాలి. ఎర్త్ పట్టీ బోల్టు కింద రంగు, తుప్పు లేకుండా గీకాలి. సెల్ఫ్ ఎప్పుడు కొట్టినా పది సెకన్లు దాటనివ్వకండి, మధ్యలో మోటారుకు చల్లారే వ్యవధి ఇవ్వండి. కెటరింగ్ సూత్రం ప్రకారం అది కొద్ది క్షణాల పనికే తయారైనది. ఎవరైనా మీటరు పెట్టకుండానే బ్యాటరీ మార్చమంటే, డబ్బు తీసేముందు సెల్ఫ్ కొడుతుండగా రీడింగ్ చూపించమని అడగండి.